నీటిపై పాలిమర్ పొరలు: పీహెచ్‌డీకి ఎలా సిద్ధమవ్వాలి?

ప్ర: ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతున్నాను. నీటి ఉపరితలంపై ఒక్క అణువు మందం ఉండే పొరల్లో పాలిమర్లు ఏర్పడే తీరుపై పీహెచ్‌డీ చేయాలనుంది. ఏం నేర్చుకోవాలి? ఉద్యోగాలుంటాయా? – ఓ విద్యార్థిని, ఏలూరు

జ: మీ ఆర్గానిక్ నేపథ్యం పనికొస్తుంది కానీ ఒక్కటే చాలదు. తలతన్యత, థర్మోడైనమిక్స్, యూవీ-విజిబుల్ స్పెక్ట్రోస్కోపీ (పదార్థం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే పద్ధతి) ఇప్పుడే గట్టిగా చదవండి.

ఈ రంగంలో మొదటి పాఠంగా డైఎసిటిలీన్ (పక్కపక్కనే రెండు కార్బన్ త్రిబంధాలుండే అణువు) పొర బాగుంటుంది. టెఫ్లాన్‌తో చేసిన ల్యాంగ్‌మ్యూర్ తొట్టిలో (నీటిపై పొరను దగ్గరకు నెట్టే కదిలే అడ్డుపట్టీలుండే పళ్లెం) 18.2 మెగాఓమ్-సెం.మీ. శుద్ధజలం నింపి, లీటరులో గ్రాము చొప్పున పీసీడీఏ అనే డైఎసిటిలీన్ ఆమ్లం కలిపిన క్లోరోఫామ్ ద్రావణాన్ని సిరంజితో చుక్కచుక్కగా వదులుతారు. 300 చ.సెం.మీ. తొట్టికి సుమారు 30 మైక్రోలీటర్లు చాలు. క్లోరోఫామ్ ఆవిరవడానికి 10–15 నిమిషాలు ఆగి, అడ్డుపట్టీలను మెల్లగా దగ్గరకు జరిపి, పొర కుప్పకూలే ఉపరితల పీడనానికి (పొర వల్ల నీటి తలతన్యత ఎంత తగ్గిందో చెప్పే కొలత) దిగువన ఆపి, 254 నానోమీటర్ల యూవీ కాంతి వేస్తారు. అణువులు సరైన దూరంలో, సరైన వాలులో సర్దుకుంటేనే పక్కపక్కవి గొలుసుగా కలుస్తాయి. పలచగా పరిచిన పొరపై ఎంత యూవీ వేసినా పాలిమర్ రాదు. సరిగ్గా వస్తే నీలిరంగు, 640 నానోమీటర్ల దగ్గర శోషణ కనిపిస్తాయి. కాంతి మోతాదు మించితే ఎరుపుకు తిరిగి, శోషణ 540 దగ్గరికి జరుగుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది శుభ్రత దగ్గరే. ఏమీ వేయని నీటిపై పట్టీలు మూసినప్పుడు పీడనం 0.2 మిల్లీన్యూటన్/మీటరు దాటిందంటే తొట్టి మళ్లీ కడగాల్సిందే. వేలిముద్రలోని కొవ్వు కూడా రీడింగ్‌ను పాడుచేస్తుంది. ఇంకో చిక్కు: యూవీ దీపం వేడికి నీరు ఆవిరై మట్టం తగ్గితే, పీడనం కొలిచే ప్లాటినం పలక తప్పు విలువ చూపిస్తుంది. దాన్ని రసాయన చర్య ఫలితమనుకునే ప్రమాదముంది. అందుకే పొర లేకుండా, అదే దీపం కింద, అంతే సమయం ఒక కంట్రోల్ ప్రయోగం తప్పనిసరి.

ప్రవేశానికి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ కెమికల్ సైన్సెస్, గేట్ రెండూ రాయండి. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000 ఫెలోషిప్. ఈ పొరలపై యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్, బెంగళూరులోని రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌ల నుంచి పరిశోధన పత్రాలు వచ్చాయి. ముందు వాటిని చదవండి.

అచ్చంగా ఈ పొరల పేరుతో ఉద్యోగాలు తక్కువ. అయితే ఆర్వో మెంబ్రేన్లలో ఉప్పును ఆపే పాలిఅమైడ్ పొర నీరు, నూనె కలిసే సరిహద్దులోనే తయారవుతుంది. కోటింగులు, సెన్సర్ల రంగాల్లోనూ ఉపరితలాల గురించి తెలిసినవారు కావాలి. కాబట్టి పీహెచ్‌డీలో ఏఎఫ్ఎం (సన్నని మొనతో ఉపరితలాన్ని తడిమి చూపే మైక్రోస్కోప్), ఎలిప్సోమెట్రీ (కాంతితో పొర మందం కొలవడం), కాంటాక్ట్ యాంగిల్ (ఉపరితలంపై నీటిబొట్టు చేసే కోణం) కొలతలు స్వయంగా నేర్చుకోండి. గైడ్‌ను ఎంచుకునేముందు అక్కడి విద్యార్థులనే అడగండి: తొట్టి పనిచేస్తోందా, నీటిపై పొరను నేరుగా చూపే బ్రూస్టర్ యాంగిల్ మైక్రోస్కోప్ ఉందా, వారానికి ఎన్ని రోజులు వాటిని విద్యార్థుల చేతికిస్తారు?