కంకర మడిలో మురుగు పైకి తేలితే

ప్రశ్న: మా ఊరి వీధికాలువ చివర మూడేళ్ల క్రితం మురుగునీటి శుద్ధికి కంకర మడి కట్టి, మెట్టతామర నాటారు. మొదట్లో నీరు తేటగా వచ్చేది. ఇప్పుడు కంకర పైనే నిలుస్తోంది. వాసన, దోమలు. మొక్కలు మార్చి జమ్ము నాటుదామని కొందరు, మడినే పూడ్చేద్దామని కొందరు అంటున్నారు. ఏం చేయాలి? బయటికొచ్చే నీటిని బడి తోటలో ఆకుకూరలకు పెట్టవచ్చా?
– ఒక వార్డు సభ్యురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, మడిని పూడ్చనివ్వకండి. మొక్కలనూ మార్చనక్కరలేదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి లోపం మడికి ముందున్న తొట్టిలో, అంటే మురుగులోని మడ్డి అడుగుకు దిగేందుకు కట్టిన తొట్టిలో ఉంది. పంచాయతీ ఇంజినీరుగా నేను చూసిన మడుల్లో చాలావరకు ఇలాగే పాడయ్యాయి. ప్రారంభోత్సవం తర్వాత ఆ తొట్టి మూత తీసినవారే ఉండరు. అది నాకు ఇప్పటికీ బాధ కలిగించే సంగతి.

పొడుగాటి వెదురు కర్రకు తెల్లగుడ్డ చుట్టి తొట్టి అడుగుదాకా దించి, కాసేపాగి తీయండి. మడ్డి ఎంత ఎత్తున పేరుకుందో గుడ్డమీద నల్లగా కనిపిస్తుంది. లోతులో మూడో వంతుకు చేరితే వెంటనే ట్యాంకరుతో తోడించాలి. లోపలికి మాత్రం ఎవరినీ దించవద్దు. అక్కడి విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. రక్షణ పరికరాలు లేకుండా మనుషులను దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది.

మురుగును ప్రధానంగా శుభ్రం చేసేవి కంకర రాళ్లకు జిగురులా పట్టుకుని బతికే సూక్ష్మజీవులు. మెట్టతామర వేళ్లు వాటికి చోటిస్తాయి, కొంత గాలి అందిస్తాయి, నత్రజని, భాస్వరం కొంత పీల్చుకుంటాయి. తొట్టి నిండితే మడ్డి నేరుగా మడిలోకి వచ్చి రాళ్ల సందులను మూసేస్తుంది. దారి లేక నీరు పైకి తేలుతుంది. అప్పుడు ఏ మొక్క నాటినా ఫలితం ఒకటే.

తొట్టి తోడించాక, నీరు లోపలికి వచ్చే వైపు మొదటి మీటరు మేర కంకర తవ్వి, కడిగి, ఎండబెట్టి తిరిగి పోయించండి. సాధారణంగా ఎక్కువగా పూడుకుపోయేది అక్కడే. బయటికి వెళ్లే చోట వంపు పైపు ఉంటే దాన్ని కిందికి తిప్పి, నీటిమట్టం కంకరకు కనీసం నాలుగు వేళ్ల కింద ఉండేలా చూడండి. పైన నీరు నిలవకపోతే దోమకు గుడ్లు పెట్టే చోటే దొరకదు. వానలకు వీధి మట్టి కొట్టుకురాకుండా చుట్టూ గట్టు ఉండాలి. ఏటా ఒకసారి మెట్టతామరను జానెడు ఎత్తుకు కోసి, కోసిన ఆకును ఎరువు గుంతకు మోయించండి. మడిమీదే వదిలేస్తే కుళ్లి మళ్లీ సందులు మూస్తుంది.

ఈ పనులకు ఒక మనిషిని జీతమిచ్చి పెట్టండి. తూర్పు కోల్‌కతాలో దాదాపు 12,500 హెక్టార్ల చిత్తడి నేలల్లోని చెరువులు నగరపు మురుగుతోనే చేపలు పెంచుతున్నాయి. 2002లో వాటికి రామ్‌సార్ గుర్తింపు, అంటే ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. అక్కడ అలలకు గట్టు కోసుకుపోకుండా అంచున గుర్రపుడెక్కను పెంచుతారు, చెరువు పూడిక తీస్తారు. తమ కూడు ఆ నీటిలో ఉంది కనుక మత్స్యకారులే దాన్ని చూసుకుంటారు. మీ మడి ఎవరికీ కూడు పెట్టదు కాబట్టి జీతం తప్పనిసరి. 2021–26 కాలానికి కేంద్రపు 15వ ఆర్థిక సంఘం గ్రామాల నిధుల్లో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యాలకే కట్టుబడి ఉంచింది. అలాంటి పద్దు కింద దీన్ని చేర్చమని గ్రామసభలో పట్టుబట్టండి.

ఇక ఆకుకూరల సంగతి. వద్దమ్మా. నీరు తేటగా ఉన్నా అందులో రోగక్రిములు, నులిపురుగుల గుడ్లు మిగిలి ఉండవచ్చు. పిల్లలు తినే తోటకూర, కొత్తిమీరకు అది తగలకూడదు. బడి ఆవరణకు బయట కొబ్బరి, టేకు, వెదురు వంటివి పెట్టి, చిమ్మకుండా పాదుల్లోకి కాలువగా పారించండి.