వాయువు ఉండగానే నక్షత్రాల పుట్టుక ఎందుకు ఆగింది?

ప్రశ్న: విశ్వం తొలినాళ్లలో హైడ్రోజన్ వాయువు సమృద్ధిగా ఉండేదని చదివాను. అయినా ఆ కాలంలోనే కొన్ని గెలాక్సీలలో నక్షత్రాలు పుట్టడం ఆగిపోయిందంటున్నారు. ముడిపదార్థం ఉండగా అది ఎలా సాధ్యం? ఆగిందని మనకెలా తెలుస్తుంది?

జవాబు: మీ రెండో సందేహంతో మొదలుపెడతాను, అది తీరితే మొదటిది సులువవుతుంది. సూర్యుడికన్నా ఎన్నో రెట్లు బరువైన నక్షత్రాలు నీలికాంతితో ప్రచండంగా మండి, మహా అయితే కొన్ని కోట్ల ఏళ్లలో ఆరిపోతాయి. ఒక గెలాక్సీ వర్ణపటంలో, అంటే రంగులవారీగా విడదీసిన దాని కాంతిలో, ఆ నీలికాంతీ, దాని ప్రభావంతో చుట్టూ ఉన్న హైడ్రోజన్ వెలువరించే గీతలూ లేకుండా, ఎక్కువకాలం బతికే నక్షత్రాల వెలుగు మాత్రమే కనిపిస్తే, అక్కడ కొంతకాలంగా కొత్త నక్షత్రాలు పుట్టలేదని అర్థం. 2021 డిసెంబరు 25న నింగికెగసిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరారుణ కాంతిలో ఇటువంటి వర్ణపటాలను సేకరిస్తోంది. మహావిస్ఫోటం తర్వాత సుమారు 125 కోట్ల ఏళ్లకు ఎలా ఉండేదో అలా మనకు కనిపిస్తున్న జీఎస్-9209 అనే గెలాక్సీలో, అప్పటికే దాదాపు 4,000 కోట్ల సూర్యుళ్లంత ద్రవ్యరాశి గల నక్షత్రాలు ఏర్పడి, కొత్తవాటి పుట్టుక ఆగి చాలాకాలమైంది. ఇలాంటివాటిని మృత గెలాక్సీలంటున్నారు గాని, ఉన్న నక్షత్రాలు వెలుగుతూనే ఉంటాయి కనుక ఆ పేరు నాకు సరైనదిగా తోచదు.

ఇక మొదటి సందేహం. వాయువు ఉన్నంత మాత్రాన నక్షత్రం పుట్టదు. అది మైనస్ 250 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగువకు చల్లబడి, దట్టమైన మేఘంగా మారి, తన బరువుకు తానే కుంగిపోవాలి. కాబట్టి వాయువును బయటికి నెట్టివేసినా, చల్లబడనివ్వకపోయినా ఫలితం ఒక్కటే. భారీ గెలాక్సీలలో ఈ రెండు పనులూ చేసేది ప్రధానంగా కేంద్రంలోని బృహత్ కృష్ణబిలమేనని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అందులో పడబోయే పదార్థం విపరీతంగా వేడెక్కి, వెలువరించే శక్తితో పెనుగాలులను పుట్టిస్తుంది. సుమారు 1,150 కోట్ల ఏళ్ల కిందటి జీఎస్-10578 గెలాక్సీలో ఇది నేరుగా కనిపించింది. చల్లని వాయువు పెద్దగా వెలగదు. కాని అందులోని సోడియం వెనకనున్న నక్షత్రాల కాంతిని కొంత పీల్చుకోవడంతో, ఆ వాయువు సెకనుకు దాదాపు 1,000 కిలోమీటర్ల వేగంతో బయటికి పోతోందని తేలింది. గెలాక్సీ గురుత్వాకర్షణను తప్పించుకోవడానికి ఆ వేగం సరిపోతుంది.

అయితే ఒకసారి ఊడ్చేస్తే సరిపోదు, బయటినుంచి కొత్త వాయువు వచ్చి పడుతూనే ఉంటుంది. గెలాక్సీ చుట్టూ ఉన్న వాయువు లక్షల డిగ్రీల వేడిలోనే ఉండిపోతే తప్ప ఈ విరామం శాశ్వతం కాదు. చిన్న గెలాక్సీలలో సూపర్‌నోవాలు, అంటే ఆయువు తీరిన భారీ నక్షత్రాల పేలుళ్లు కూడా వాయువును చెదరగొట్టగలవు. మహావిస్ఫోటం తర్వాత 70 కోట్ల ఏళ్లనాటి ఒక చిన్న గెలాక్సీలో నక్షత్రాల పుట్టుక అప్పటికి కొద్దికాలం ముందే ఆగినట్లు వెబ్ గుర్తించింది. చెదిరిన వాయువు తిరిగి చేరి చల్లబడితే, అక్కడ నక్షత్రాలు మళ్లీ పుట్టవచ్చు.