చిన్న పికప్‌కు పెద్ద బండి ముందు యాక్సిల్ వేయించవచ్చా?

నల్లగొండ చుట్టుపక్కల బత్తాయి, వడ్ల లోడు కొట్టే చిన్న పికప్‌కు ముందు యాక్సిల్ మాటిమాటికీ ఇబ్బంది పెడుతోంది, పెద్ద బండిది వేయిస్తే లోడు ఎక్కువ వేసుకోవచ్చా అని అడిగారు.

లోడు కోసమైతే దండగ. పికప్‌లో సరుకు బరువు ఎక్కువగా పడేది వెనక యాక్సిల్ మీదే. తొట్టి చివర బస్తాలు పేరిస్తే ముందు భాగం తేలిపోయి స్టీరింగ్ పట్టు కూడా తప్పుతుంది.

ఇక బిగించడం. కమాన్ కట్టల (బండి బరువు మోసే స్ప్రింగ్ పట్టీల) మధ్య దూరం, వీల్ బోల్టుల కొలత కలవాలి. అవి వెల్డింగ్‌తో, అడాప్టర్లతో కలిపేస్తారు లెండి. అసలు చిక్కు స్టీరింగ్ రాడ్ దగ్గర. దాని పొడవు, కోణం కుదరకపోతే గుంతలో పడ్డప్పుడల్లా బండి తనంతట తానే పక్కకు లాగుతుంది. కింగ్‌పిన్ (ముందు చక్రం అటూ ఇటూ తిరిగే ఇరుసు పిన్ను) వాలు మారితే స్టీరింగ్ వెనక్కి తిరిగి రాదు. బ్రేకుల సంగతీ అంతే: పెద్ద కాలిపర్లకు (డిస్కును నొక్కి పట్టే భాగాలకు) బ్రేక్ ఆయిల్ ఎక్కువ కావాలి; ఆ ఆయిల్‌ను నెట్టే పాత మాస్టర్ సిలిండర్ చాలక బ్రేక్ పెడల్ కిందికి పోతుంది.

ఆర్సీలో రాసిన మొత్తం బరువు యాక్సిల్ మార్చినంత మాత్రాన పెరగదు. ఆర్సీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ.

మొదట కింగ్‌పిన్లు, బుష్‌లు, వీల్ బేరింగులు కంపెనీవి వేయించి, అలైన్‌మెంట్ చూపించండి. యాక్సిల్ బీమ్ (అడ్డంగా ఉండే ఇనుప దూలం) వంగి ఉంటే అదే మోడల్‌ది కొత్తది వేయించండి. లోడు నిజంగానే పెరిగిందంటే, పెద్ద బండి కొనడమే చవక.