సింగ్‌నగర్ జనం చేత మ్యాప్ నింపించబోయి తెలుసుకున్నవి

మీరడిగింది ఇదే కదా: కాలనీలో డ్రైనేజీ, రోడ్లు, పార్కు ఎలా ఉండాలో జనమే ఫోన్లో 3డీ మ్యాప్ మీద జరిపి చూపించే యాప్ చేస్తున్నాం, దేనితో మొదలుపెట్టాలి అని. నా మాట వింటే 3డీని కొన్నాళ్లు పక్కన పెట్టండి. మేం బోర్లాపడింది సరిగ్గా అక్కడే.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడ్డాక, సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఏ సందులో ఎంత నీరు నిలిచింది, ఎటు నుంచి వచ్చింది అనేది జనం నోటి నుంచే రాబట్టాలని, రేపు కాలవల గురించో రోడ్ల ఎత్తు గురించో మాట వస్తే చేతిలో ఆ లెక్క ఉండాలని నలుగురు స్నేహితులం కూర్చున్నాం. ఇద్దరు సాఫ్ట్‌వేర్ వాళ్లు. ఇంకేముంది, శాటిలైట్ మ్యాప్, దాని మీద పిన్ను, కింద ‘నీటి లోతు ఎన్ని అడుగులు’ అని ఒక గడి. లింకు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పాం. పది రోజులకు ముప్ఫై చిల్లర జవాబులు వచ్చాయి, సగం మా చుట్టాలవే. ఒక పిన్ను ఏకంగా కృష్ణలో పడింది.

పైపుల రోడ్డు దగ్గర ఒక ఇంటికెళ్లి కూర్చుంటే అసలు సంగతి తెలిసింది. ఆ ఇంటావిడకు ఫోన్ ఇచ్చి మీ ఇల్లెక్కడో చూపించండమ్మా అంటే, అన్ని డాబాల్లో తన డాబా ఏదో పోల్చుకోలేకపోయింది. మనం మాత్రం మన ఇంటిని ఆకాశంలోంచి ఎప్పుడు చూశాం? ఎన్ని అడుగులు వచ్చాయంటే ‘ఏమో నాయనా’ అంది. అంటూనే లేచి, సున్నం వేసినా పోని మట్టి చార మీద చెయ్యి పెట్టి, ‘ఇదిగో, నా మెడ దాకా. ముందు వీధిలోంచి రాలా, బాత్రూం తూములోంచి పైకి తన్నాయి’ అంది. ఆ రెండో మాట రాసుకోవడానికి మా ఫారంలో గడే లేదు. బుడమేరు గట్టు ఒక్కటే ఎత్తు చేస్తే ఆ ఇంటికి చాలదని చెప్పే మాట అది!

ఆ రాత్రే అడుగులు తీసేసి మనిషి బొమ్మ పెట్టాం. చీలమండ, మోకాలు, నడుము, మెడ, తల మునిగేంత. ఎక్కడ నొక్కితే అంత లోతు. మనుషుల ఎత్తులు ఒకటి కాదు కదా అని మావాడు గింజుకున్నాడు, నిజమే, చార ఉన్నచోట టేపు పెట్టి సరిచూసుకున్నాం. పిన్ను బదులు గుడి, వాటర్ ట్యాంకు, కిరాణా కొట్టు లాంటి గుర్తులు. (గుంటూరు బ్రాడీపేటలో అయితే ఆ బాధే లేదు, లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు చెబితే ఇంటి గుమ్మం దాకా వెళ్లిపోవచ్చు.)

దీనికి ఫోన్లో సర్వే ఫారాలు నింపించే కోబో టూల్‌బాక్స్ గానీ ఓడీకే గానీ చాలు. ఎక్సెల్లో ప్రశ్నలు రాసుకోవడమే, జవాబులకు బొమ్మలు పెట్టొచ్చు, నెట్ లేకున్నా నింపి తర్వాత పంపొచ్చు.

అన్నిటికన్నా బాగా పనిచేసింది మాత్రం ఫ్లెక్సీ. మ్యాప్‌ని పెద్ద ఫ్లెక్సీగా కొట్టించి కమ్యూనిటీ హాల్లో నేల మీద పరిచాం, డ్వాక్రా సంఘాల్ని చూసుకునే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) గారు మహిళల్ని పిలిచారు, నీళ్లు ముందు ఎక్కడొస్తే అక్కడ ఎర్ర బొట్టుబిళ్ల అంటించమన్నాం. పక్కపక్క సందుల వాళ్లిద్దరు ‘ముందు మాకొచ్చాయి’, ‘కాదు మాకే’ అని అరగంట పోట్లాడుకున్నారు. ఏ ఫారం నింపితే వస్తుంది ఆ వరస?

3డీ వద్దని కాదు. 2016లో జర్మనీలోని హాంబర్గ్‌లో శరణార్థుల ఇళ్లకు స్థలాలు వెతకడానికి అమెరికాలోని ఎంఐటీ వాళ్లతో కలిసి అక్కడి యూనివర్సిటీ తయారుచేసిన, పైన ఊరి మ్యాప్ కనబడే టేబుల్ వాడారు. జనం దాని మీద లెగో ముక్క పెడితే ఆ స్థలం వివరాలు స్క్రీన్ మీద వచ్చేవి. అక్కడ జనం చేతిలో నిజంగా ఎంపిక ఉంది, టేబుల్ తిరిగి జవాబిచ్చింది. మీ దగ్గర ఆ రెండూ ఉంటే చేయండి.

ఇంకొకటి. ఎవరు ఏం చెప్పారో అది ఎవరి దగ్గరికి వెళ్లింది, వాళ్లేమన్నారు, కుదరదంటే ఎందుకు అని చూపే పేజీ మొదటిరోజే పెట్టండి. మేం పెట్టలేదు. మూడు నెలల తర్వాత అదే ఆవిడ కూరగాయల బండి దగ్గర కనబడి ‘మా తూము సంగతేమైంది నాయనా’ అంటే, కనుక్కుంటానమ్మా అని తల దించుకుని వచ్చేశాను.