జీన్ పేరు తేదీ ఎందుకయింది?

ప్రశ్న: జీన్ ఎక్స్‌ప్రెషన్ ఫైలును (ఏ జీన్ ఎంత చురుగ్గా ఉందో చెప్పే పట్టికను) స్ప్రెడ్‌షీట్‌లో తెరిస్తే కొన్ని జీన్ల పేర్లు తేదీలుగా కనిపిస్తున్నాయి. సరిచేయడం ఎలా? ఒక ఆన్‌లైన్ టూల్‌లో వేస్తే గ్రాఫులు చిటికెలో వస్తున్నాయి. మావి ఉద్దానం కిడ్నీ రోగుల శాంపిల్స్. వాళ్ల వివరాల షీటు కూడా అప్‌లోడ్ చేయొచ్చా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: తేదీల నుంచి పేర్లను వెనక్కి రాబట్టలేరు. మార్చ్1 (MARCH1), మార్క్1 (MARC1) అనే రెండు వేరువేరు జీన్లూ ‘1-మార్’ అయి కూర్చుంటాయి. అసలు ఫైలు మళ్లీ తీసుకోండి. డబుల్ క్లిక్ చేయొద్దు. ఖాళీ షీటులోకి ఇంపోర్ట్ చేసి, పేర్ల కాలమ్‌కు ‘టెక్స్ట్’ ఎంచుకోండి. అడగకుండా మన డేటాను దిద్దేసే ఈ సాఫ్ట్‌వేర్ తెలివికి దండం! దీని బాధ పడలేక 2020లో జీన్ల నామకరణ కమిటీయే మార్చ్1ని మార్చ్‌ఎఫ్1 (MARCHF1)గా మార్చుకుంది. చెప్పు కోసం కాలు కోసుకోవడమంటే ఇదే.

ఇక రోగుల షీటు. అప్‌లోడ్ చేయొద్దు. పేర్లు తీసేశామంటారు. కవిటి మండలంలో ఫలానా ఊరు, 47 ఏళ్ల మగమనిషి, డయాలసిస్, శాంపిల్ తీసిన తేదీ... ఇంత ఉంటే ఆ ఊరి టీకొట్టు దగ్గర ఎవరైనా చెప్పేస్తారు ఆయనెవరో. కాలమ్‌ను ‘హైడ్’ చేశామంటారు కొందరు. హైడ్ చేసినది ఫైల్లోనే ఉంటుంది, సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేసినా వెంట వెళ్తుంది. షీటు ఎవరికైనా ఇవ్వక తప్పకపోతే ఆ కాలమ్‌ను డిలీట్ చేసి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి రెండు వరుసలు కళ్లారా చూడండి. ఊరు బదులు ‘ఉద్దానం’ అని, వయసు బదులు 40–49 అని రాయండి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, జన్యువుల సంగతి అలా కాదు. గుంపు మొత్తం సగటు లెక్కల్లోంచి కూడా ఒక మనిషి డీఎన్‌ఏ ఉందో లేదో పట్టవచ్చని 2008లో తేలాక, అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ తాను బయట పెట్టిన అలాంటి డేటాను వెనక్కి తీసుకుంది.

గ్రాఫుల కోసమే అయితే ‘ఆరెంజ్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ల్యాప్‌టాప్‌లోనే వేసుకోండి. డేటా బయటికి పోదు. జీన్లు అడ్డవరుసల్లో ఉంటే ముందు ‘ట్రాన్స్‌పోజ్’ (అడ్డవరుసలను నిలువు చేయడం), తర్వాత పీసీఏ (వేల జీన్ల తేడాలను రెండు మూడు అంకెల్లోకి కుదించే లెక్క), ఆపైన స్కాటర్ ప్లాట్ (ఒక్కో శాంపిల్ ఒక్కో చుక్కగా కనిపించే గ్రాఫు). రా కౌంట్లను (ఒక్కో జీన్‌కు యంత్రం లెక్కపెట్టిన రీడ్స్, అంటే చదివిన ముక్కల సంఖ్యను) అలాగే ఇవ్వకండి, కౌంట్లు బాగా ఎక్కువున్న నాలుగైదు జీన్లే బొమ్మనంతా లాగేస్తాయి. ఒక్కో శాంపిల్ మొత్తం రీడ్స్‌కు సరిచేసి, లాగ్ (లాగరిథమ్) తీశాకే ఇవ్వండి. చుక్కలకు మొదట రోగాన్ని బట్టి కాదు, శాంపిల్‌ను ల్యాబ్‌లో నడిపిన బ్యాచ్‌ను బట్టి రంగు వేయండి. ఆ రంగుల ప్రకారమే గుంపులు విడిపోతుంటే మీరు చూస్తున్నది రోగం కాదు, ల్యాబ్.