నీరు తీసే గోలీ మానకండి, టైం మార్చండి

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా మామకు డెబ్బై ఏళ్లు. గుండె పంపింగ్ తక్కువైందని నీరు తీసే లాసిక్స్, స్పైరోనోలాక్టోన్ గోలీలు రాశారు. కాళ్ల వాపు దిగింది గానీ రాత్రంతా ఒంటేలుకు లేస్తూనే ఉంటాడు, మొన్న కళ్లు తిరిగి బాత్రూం గడప దగ్గర పడ్డాడు. వాపు పోయింది కదా, ఇంకెందుకు గోలీ అంటాడు. బస్సెక్కే రోజు ఎలాగూ వేసుకోడు. మోకాళ్ల నొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటాడు. నీరసంగా ఉంటున్నాడని రోజూ కొబ్బరి బోండాం తాగిస్తున్నాం. ఎట్లా చూసుకోవాలో చెప్పండి.

జవాబు: అమ్మా, లాసిక్స్ ఏ టైంకు వేస్తున్నారు? రాత్రి అన్నం తిన్నాక మిగతా గోలీలతో కలిపి ఇస్తుంటే మీ బాధలో సగం అక్కడే ఉంది. అది మింగిన గంట లోపే పని మొదలుపెట్టి దాదాపు ఆరు గంటలు నీరు తీస్తుంది, అంటే తొమ్మిదింటికి వేస్తే తెల్లవారుజాము మూడింటి దాకా మనిషికి నిద్ర ఉండదు. పొద్దున్నే వేయండి. రెండు పూటలు రాసి ఉంటే రెండోది సాయంత్రం నాలుగు లోపే అయిపోవాలి. ఊరికి పోయే రోజు మానడం కాదు, ఇంటికి చేరాక మధ్యాహ్నం వేసుకోవచ్చా అని డాక్టర్‌ను ఒకసారి అడిగి పెట్టుకోండి, చాలామందికి సరే అంటారు. మరిచిపోతే మాత్రం మర్నాడు రెండు కలిపి వేయకండి.

వాపు దిగింది గోలీ వల్లే. బంద్ చేస్తే నీరు మళ్లీ చేరుతుంది, అదీ కాళ్లలో కనబడే ముందే ఊపిరితిత్తుల్లో చేరొచ్చు. అందుకే వాపు కంటే బరువును నమ్మండి. పొద్దున ఒంటేలుకు పోయొచ్చాక, చాయ్ కూడా తాగకముందు, ఒకే రకం బట్టల్లో, అదే మిషన్ మీద రోజూ తూచి క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాయండి. ఒక్క రోజులో కిలోకు పైగా గానీ, మూడు రోజుల్లో రెండు కిలోలు గానీ పెరిగితే అది కండ కాదు, నీరు. డాక్టర్‌కు ఫోన్ చేయాలి. చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి చూడండి, గుంట అలాగే ఉండిపోతే నీరున్నట్టే. పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చుంటున్నాడంటే తెల్లారేదాకా ఆగొద్దు, 108కు ఫోన్ చేయండి.

పడ్డ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. కూర్చున్నప్పుడు, నిలబడ్డాక రెండుసార్లు బీపీ చూడమనండి, నిలబడగానే బీపీ పడిపోతుంటే డోసు మార్చాల్సి రావచ్చు. ఈలోగా లేచేటప్పుడు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోమనండి, రాత్రి లైట్ ఉంచండి, మంచం పక్కనే యూరిన్ డబ్బా పెట్టండి.

ఇక ఆ సూది. మన నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు, నడుములు పట్టేసినవాళ్లు ఎందరో, వాళ్ల నొప్పి నాకు తెలియనిది కాదు. కానీ డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఒంట్లో ఉప్పును, నీటిని ఆపేస్తాయి, పొద్దున గోలీ తీసిన నీటిని సాయంత్రం సూది మళ్లీ పట్టి ఉంచుతుంది, మధ్యలో దెబ్బతినేది కిడ్నీలు. ఆర్‌ఎంపీకి గోలీల చీటీ చూపించి ఈ సూదులు వద్దని గట్టిగా చెప్పండి. నొప్పికి పారాసిటమాల్ ఎంత వాడొచ్చో డాక్టర్‌ను అడగండి.

కొబ్బరి బోండాం కూడా ఆపండి. లాసిక్స్ ఒక్కటే అయితే పొటాషియం పోతుంది, పిక్కలు పట్టేస్తాయి, దడ వస్తుంది. కానీ స్పైరోనోలాక్టోన్ పొటాషియాన్ని ఒంట్లోనే ఉంచుతుంది, పైగా బోండాంలో అది బాగా ఉంటుంది. ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, చాలాసార్లు ముందుగా ఏ లక్షణమూ ఉండదు. కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్షలు డాక్టర్ చెప్పిన గడువుకు చేయించాల్సిందే. గుండెకు మంచిదని తక్కువ సోడియం ఉప్పు కొన్నా అందులో ఉండేది పొటాషియమే, వద్దు. మామూలు ఉప్పే తగ్గించండి. తొక్కు, అప్పడం పక్కన పెడితే చాలా తగ్గుతుంది. నీళ్లు ఎన్ని తాగాలో డాక్టర్ లెక్క చెబితే సీసాలో కొలిచి పెట్టండి.

ఎండాకాలం మాత్రం జాగ్రత్త. వాంతులో విరేచనాలో పట్టుకుంటే, తిండి తినలేకపోతే, ఆ రోజే డాక్టర్‌కు చెప్పండి. గోలీలు కొన్ని రోజులు ఆపాలో తగ్గించాలో ఆయనే చెబుతారు.

ప్రశ్న: నా బీపీ గోలీలో హైడ్రోక్లోరోథయజైడ్ ఉంది. కాలి బొటనవేలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నాను. దానివల్లేనా? – ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: కావచ్చు. అదీ నీరు తీసే మందే, రక్తంలో యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. అది కీళ్లలో చేరి వచ్చే వాపునే గౌట్ అంటారు, అది వచ్చేది ఎక్కువగా ఆ వేలికే. ఈ మందు షుగర్ కూడా కొంచెం పెంచగలదు. గోలీ మీరే ఆపేయకుండా ఒకటి రెండు రోజుల్లో డాక్టర్‌కు చూపించండి, జ్వరం కూడా ఉంటే ఇవాళే పోండి. యూరిక్ యాసిడ్, సోడియం, షుగర్ పరీక్షలు అడగండి, బీపీకి వేరే గోలీలు ఉన్నాయి.