మెత్తని హల్లులు ఎందుకు గట్టిపడతాయి?

ప్రశ్న: రష్యన్‌లో చాలా హల్లులకు తాలవ్యీకృత రూపం కూడా ఉంటుందని, దాని సోదర భాషల్లో కొన్ని ఈ భేదాన్ని చాలావరకు పోగొట్టుకున్నాయని చదివాను. అలా ఎందుకు జరుగుతుంది? పోయిన గుణం ఏమవుతుంది?

జవాబు: హల్లును పలుకుతూనే నాలుక మధ్యభాగాన్ని 'ఇ'కారానికి లేపినట్లు అంగిలివైపు లేపడమే తాలవ్యీకరణం. ఇలా పలికిన హల్లును మెత్తనిదని, మామూలుగా పలికినదాన్ని గట్టిదని అంటారు. రష్యన్‌లో 'బ్రాత్' అనే మాట చివరి తకారాన్ని మామూలుగా పలికితే సోదరుడు, తాలవ్యంగా పలికితే తీసుకోవడం అని అర్థం.

అయితే ఈ తేడా అన్ని చోట్లా ఒకేలా వినిపించదు. హల్లు మెత్తదనం ఎక్కువగా తర్వాతి అచ్చులోకి జారే తీరులోనే చెవికి తెలుస్తుంది కాబట్టి, పదాంతంలో, ముఖ్యంగా పెదవులతో పలికే ధ్వనుల్లో, అది సులభంగా మరుగున పడుతుంది. పావురానికి వాడే పదం చివరి ఓష్ఠ్యం రష్యన్‌లో మెత్తగానే నిలిచినా, ఉక్రేనియన్, పోలిష్ భాషల్లో గట్టిపడింది. దీన్ని పలికేవారి బద్ధకంగా భావించడం అన్యాయం.

రేఫది మరో ఇబ్బంది. నాలుక కొన కంపిస్తుండగా మధ్యభాగం పైకి లేచి నిలవడం కష్టం. బెలారూసియన్‌లో మెత్తని రేఫ మామూలు రేఫతో కలిసిపోయింది. పోలిష్‌లో రాపిడి ధ్వనిగా మారింది.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది చెక్ ఉదాహరణ. 'ఐదు' అనే అర్థంగల 'ప్యెత్'లో పకారం గట్టిపడినా, దాని మెత్తదనం విడివడి స్వతంత్రమైన యకారంగా నిలిచింది.

రష్యన్‌లోనూ ఒకప్పటి మెత్తని 'ష్' గట్టిపడింది. దాని తర్వాత 'ఇ' అక్షరాన్నే ఇప్పటికీ రాస్తారు గాని, పలికేది నాలుకను వెనక్కి లాగి పలికే వేరే అచ్చును.